రెండో కట్టు

కూలీలు ఎక్కి గోడ కట్టే సారవ కర్రలకు వేసిన ప్రతి తాడుకట్టునూ వరదరాజులు చేత్తో పట్టి లాగి చూస్తాడు. కర్రా కర్రా కలిసే ప్రతిచోటా రెండు కట్లు ఉండాల్సిందే. ఒక్కటే కనబడిందా, మేస్త్రీకి ఆ పూట తిట్లే టిఫిను.

తొంభై ఎనిమిదిలో మదనపల్లెలో ఆ కల్యాణమండపం పనికి సూపర్‌వైజరుగా వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఆయన సారవ ఎక్కి చూసి, దిగొచ్చి తనిఖీ రిజిస్టరులో సంతకం పెట్టేదాకా ఒక్క కూలీ పైకెక్కకూడదు.

"ఈయప్పకు కట్ల పిచ్చి పట్టుండాది" అని కూలీలు నవ్వుకునేవాళ్లు.

కూలీల్లో మునిలక్ష్మి ఒక్కతే నవ్వేది కాదు. ఆయన వెనకాలే తిరిగి, చేతికందిన కట్లన్నీ తనూ లాగి చూసేది. తన మీద ఈమెకు నమ్మకం లేదు, అంతా తెలిసిపోయింది అనుకుని వరదరాజులు లోలోపల కుమిలిపోయేవాడు.

అప్పటికి ఎనిమిది నెలల కిందట పుంగనూరులో మొగుడూ పెళ్లాలిద్దరూ రైసుమిల్లు గోడ పనిలో ఉండగా సారవ ఊడి, ఆమె మొగుడు మునెప్ప పడి చచ్చిపోయాడు. ఊడినచోట ఒక్క కట్టే ఉందని తర్వాత తేలింది. అక్కడా సూపర్‌వైజరు వరదరాజులే, కానీ ఆ పొద్దు సారవ ఎక్కనే లేదు. టీ అంగట్లో కూర్చుని సంతకం గీకేశాడు.

మిగతా ఆడకూలీలు వేపచెట్టుకు చీర ఊయలలు కట్టి బిడ్డలను నిద్రపుచ్చితే, మునిలక్ష్మి తన బిడ్డను ఇసక మీద గోనెపట్టలో పడుకోబెట్టేది. అది చూస్తే వరదరాజులుకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు అంగడి నుంచి కొత్త తాడు కొనుక్కొచ్చాడు.

"బిడ్డకు ఊయల కట్టుకోమ్మా."

తాడు చూడగానే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "నాకొద్దు సార్."

పాపిష్టి చేతి నుంచి తీసుకోదులే అనుకున్నాడు. ఇక దాచుకోలేకపోయాడు.

"నీ మొగుణ్ణి సంపింది నేనేమ్మా. ఆ పొద్దు నేను కట్లు సూడలేదు. సూసుంటే బతికుండేవాడు. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

మునిలక్ష్మి ఇసకలో నిద్రపోతున్న బిడ్డ వైపు చూస్తూ నిలబడింది.

"మీరు పొద్దున్నే సూసిపోయినా అంతే సార్. పదిగంటలప్పుడు బిడ్డ ఏడస్తాంటే, సారవకు రెండు కట్లుండాయి కదా ఒకటి చాల్లే అని, ఊయలకు ఆ రెండో కట్టు తాడు ఇప్పుకొనింది నేనే."