సోమవారం ఇవ్వాల్సిన కాగితం

2000 ఆగస్టు పన్నెండు, శనివారం. ఆ సాయంత్రం యెషయా గారు తిన్నది మేబెల్ డబ్బాలో తెచ్చిపెట్టిన సేమియా ఉప్మా. నాలుగు చెంచాలు తిని ప్లేటు పక్కకు జరిపి, ఫైలు మూసేశారు.

"ఇది వద్దు" అన్నారు.

ఆమె భర్త డేవిడ్ రాజు ముఖం ఎర్రబడింది. "పూర్తిగ చదవకుండనే ఎట్ల వద్దంటరు సార్?"

"రెండుసార్లు చదివాను."

నిజమే చదివారు. ఆయన కామర్స్ లెక్చరరుగా రిటైరైన మనిషి, సంఘపెద్ద. చర్చిలో ఎవరు ఏ వ్యాపారం తలపెట్టినా ముందు ఆయనకే చూపిస్తారు. ఆ ఏడాది వచ్చినవన్నీ కంప్యూటర్ ఆలోచనలే. చాలావాటిని ఒక్క ప్రశ్నతో ఆపేశారు. ఈ ఫైల్లో ఆ ఒక్క ప్రశ్నా దొరకలేదు. అమెరికా డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే పని నేర్పే సెంటరు. తార్నాకలో గది, ఆరు కంప్యూటర్లు, చేరతామన్న పద్దెనిమిది మంది పేర్లు. బాగుంది. బాగుండటమే ఆయనకు ఇబ్బందైంది.

డేవిడ్ రాజు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రాజీనామా చొక్కా జేబులోనే ఉంది. సోమవారం అది ఇచ్చేస్తే ఉద్యోగం పోతుంది, క్వార్టరు ఖాళీ చేయాలి.

"ఆ రాజీనామా ఎవరు రాశారు?"

"నేనే రాసిన. మేబెల్ ఫెయిర్ చేసింది."

"తప్పేంటో చెప్పండి అంకుల్." మేబెల్ ఫైలు మళ్లీ ఆయన ముందుకు జరిపింది. ఆమె స్కూల్లో ఇంగ్లీషు టీచరు. "ఈయన చెయ్యి పడితే ఎలాంటి మిషనైనా మాట వింటుంది. ఆ వర్క్‌షాపులో ఇంకెన్నాళ్లు మగ్గాలి?"

"నా సంగతి ఇడిచిపెట్టండి సార్. ఈమె ఇంగ్లీషు ఆ స్కూల్ల బేకార్ అయితుంది."

యెషయా గారు కిటికీ వైపు చూశారు. "రేపు మాటను మిషనే టైపు చేస్తుంది. అప్పుడు మీ దగ్గరికి ఎవరొస్తారు?"

"రేపంటే ఎప్పుడు?"

"తెలీదు."

"తెల్వకనే ఆపుతున్నరా?"

"డేవిడ్" అని మేబెల్ ఆపబోయింది.

"ఆగు, చెప్పనియ్. ముప్పై ఏండ్లు నల్లబోర్డు మీద బిజినెస్ చేసిన్రు సార్. అసల్ది ఒక్కటన్న షురూ చేసిన్రా? సుద్దముక్క సుత కాలేజీదే."

యెషయా గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "అడిగారు గనక చెప్పాను. నా మాట కాదని మొదలుపెడితే, ప్రారంభ ప్రార్థనకు నేను రాను."

సంఘపెద్ద రాని ప్రారంభానికి పాస్టరు గారూ రారని ఇద్దరికీ తెలుసు.

డేవిడ్ రాజు జేబులోంచి కాగితం తీశాడు. నాలుగు ముక్కలు చేసి ఫైలు మీద పెట్టాడు. "ఇగ ఖుషీయేనా సార్?"

మేబెల్ భర్త వైపు చూడలేదు. అతనూ ఆమె వైపు చూడలేదు. ఆమె ప్లేటు తీసుకెళ్లి, అంత కోపంలోనూ శుభ్రంగా కడిగి బోర్లించింది.

"రేపు చర్చిలో కనపడినా పలకరించను అంకుల్" అంది, డబ్బా మూత బిగిస్తూ.

"అలాగేనమ్మా."

వాళ్లు గేటు దాటేదాకా ఆయన గడపలో నిలబడ్డారు. భార్య రోసమ్మ పోయాక ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లే తక్కువ. ఇక మరో ఇద్దరు తగ్గారు. కాగితం ముక్కలు ఏరి ఫైల్లో పెట్టి, చప్పుడు కాకుండా వీధి తలుపు వేసేశారు.

ఎలాగైనా వద్దని చెప్పమని, అంతకుముందే గురువారం డేవిడ్ రాజు, శుక్రవారం మేబెల్, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి ఆయన్ను బతిమాలారు.