పద్మలత టీచర్ కనుబొమలు

వాలిపోయిన పై రెప్పలకు ఆపరేషన్ చేయించుకున్నాక, పద్మలత టీచర్ తొలిసారి తొమ్మిదో తరగతికి వచ్చి బోర్డు మీద లెక్క చేసింది. ఇటు తిరిగి, అలవాటుగా "సమజైందా?" అని అడిగింది.

వరంగల్‌లోని ఆ బళ్ళో పదహారేళ్ళుగా ఆ ప్రశ్నకు తలలన్నీ ఒక్కసారే ఊగేవి. ఆమె చెప్పాక లెక్క అర్థంకాని పిల్లలే ఉండరని, పైగా ఆమె కర్ర కూడా పట్టదని హెడ్మాస్టర్ ఊరంతా చెప్పుకునేవాడు.

ఇవాళ రెండో బెంచీలో ఐమన్ లేచి నిలబడింది. "కాలేదు మేడం."

"ఇన్నొద్దులు అయిందంటివి గద?"

"మీరు గడ్డం లేపి, కనుబొమలు ఎగరేసి గుస్సగ చూస్తుంటిరి మేడం. భయానికి తల ఊపినం. ఇయ్యాల మీ మొఖం మంచిగుంది."

అది కోపం కాదు. రెప్పలు చూపుకు అడ్డం పడితే మనిషి తెలియకుండానే కనుబొమలు ఎగరేసి, గడ్డం ఎత్తి చూస్తాడని డాక్టర్ ముందే చెప్పాడు. ఆ సంగతి పిల్లలకు చెప్పబోయేలోపే మరో పన్నెండు చేతులు లేచాయి.

"మాకు గూడ సమజ్ కాలేదు మేడం!"

నెల తర్వాత చెకప్‌లో డాక్టర్ ఆమె నుదుటి వంక అనుమానంగా చూశాడు.

"రెప్పలు మంచిగ లేచినయి గదా మేడం, మళ్ళ కనుబొమలెందుకు ఎగరేస్తాన్రు? కనబడుతలేదా?"

"అంతా మంచిగనే కనబడుతాంది సార్," అంది పద్మలత. "గిట్ల చూస్తెనే పిల్లలకు లెక్కలు సమజైతానయి."