తడి తాడు

మధ్యాహ్నం మూడింటికి ఇసుక మూట టవరు మీంచి మళ్ళీ దిగింది. బ్రేకు పట్టింది.

హెలికాప్టరు నుంచి తాడు మీద దిగే సైనికుల కోసం కొనబోతున్న కొత్త బ్రేకు అది. పరీక్ష బాధ్యత మేజరుది. ఆమె సంతకం పెడితే కొనుగోలు ఖాయం.

ఫోన్ మోగింది. తమ్ముడు. అలా తాడు మీద దిగేవాళ్ళలో అతనూ ఒకడు.

“పాసయిందా అక్కా? వానలకి ముందే మాకు పంపించక్కా. పాతవాటితో అరచేతులు కాలిపోతున్నాయి.”

“అయిపోయినట్టేరా. పెట్టెయ్.”

పెన్ను తీసేసరికి పక్కన ఎవరో దగ్గారు. మెళ్ళో విజిటరు పాసు వేసుకున్న నడివయసు మనిషి. బ్రేకు కంపెనీవాళ్ళ టెంటుకి వీపు తిప్పి నిలబడ్డాడు.

“మేడం, ఒక్కసారి తాడు తడిపి చూడండి.”

“తడి పరీక్ష షరతుల్లో లేదండీ.”

“ఎందుకుంటుంది? ఆ షరతులు రాసిచ్చిన యూనిట్ ఎడారిలో ఉండేది. ఎండ రాశారు, దుమ్ము రాశారు. వాన ఎవరికి గుర్తొస్తుంది?”

హవల్దారు మేజరు చెవి దగ్గరికి వంగాడు. “పోటీలో ఓడిన కంపెనీ మనిషై ఉంటాడు మేడం. కడుపుమంట.”

మేజరుకీ అదే అనుమానం. “బ్రేకు లోపల సంగతి మీకెలా తెలుసు?”

“విప్పి చూశానండీ. తాడు తడిస్తే లోపలి పలక జారుతుంది. చెప్పాల్సినవాళ్ళకి చెప్పాను. నోరు మూసుకోమన్నారు.”

మేజరు పెన్ను జేబులో పెట్టేసింది. “తాడు తడపండి.”

టెంటులోంచి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. “షరతుల్లో లేని పరీక్ష ఎలా చేస్తారు మేడం?”

“వాన మన షరతులు చదువుకుని కురుస్తుందా? తప్పుకోండి.”

బకెట్లతో నీళ్ళు పోశారు. మూట సగం దూరం బాగానే దిగింది. తర్వాత రాయిలా పడింది. గోనె పగిలి ఇసుక అందరి బూట్ల మీద చిమ్మింది.

మేజరు టవరు మెట్టు మీద కూలబడి తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఫెయిలైందిరా.”

“అయ్యో! ఏడుస్తున్నావా ఏంటి?”

“నవ్వుతున్నానురా వెధవా. ఇంకొన్నాళ్ళు ఆ పాతవాటితోనే ఏడువు.”

“పోనీలే. కాలితే చేతులేగా.”

ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. ఆ మనిషి ఇసుకలోంచి బ్రేకు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతని భుజాలు కిందికి దిగాయి.

“హమ్మయ్య,” అన్నాడు.

“అంటారు మరి!” మేజరు నవ్వింది. “వీళ్ళ ఆర్డరు పోయింది. మీ బ్రేకు పట్టుకు రండి, దాన్నీ తడిపి చూస్తాం.”

అతను ఇసుక దులిపి చేతిలోది ఆమెకి అందించాడు.

“నేను చేసిన బ్రేకు ఇదేనండీ.”