కీచుమనే బ్రేకు

సెకండ్ హ్యాండ్‌లో ఈ ఎలక్ట్రిక్ కారు కొన్నది నేను. నడిపేవాళ్ల అలవాట్లు చూసి నేర్చుకునే రకం. అలవాట్లు మాత్రం ఇంకా పాత ఓనరువే. తెనాలిలో ఆసుపత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడు మార్కెట్ దాటాక రోజూ ఒకే చోట, ఎవరూ అడ్డం లేకపోయినా, కీచుమని దానంతటదే బ్రేకు వేస్తుంది. నేను తిట్టుకుంటూ యాక్సిలరేటర్ తొక్కి పోనిస్తాను.

మెకానిక్ జిలానీ చక్రాలు విప్పి చూశాడు. "మోటారే వేగం తగ్గించేస్తుంది కాబట్టి బ్రేకులు పెద్దగా వాడక తుప్పు పట్టి అరుస్తున్నాయి మేడమ్, అంతే. ఆగడమెందుకో నాకూ అర్థం కావట్లేదు. పాతాయన అక్కడ ఏ గుడికో దణ్ణం పెట్టుకునేవాడేమో, కారు నేర్చేసుకుంది."

ఇవాళ అతన్నీ ఎక్కించుకుని వెళ్లాను. అక్కడికి రాగానే కారు కీచుమని ఆగింది. ఇద్దరం అటూ ఇటూ చూశాం. గుడి లేదు, దర్గా లేదు, చర్చీ లేదు. మందుల షాపు, పక్కన మూసేసిన టైలరు కొట్టు. మిగతా కార్లన్నీ చప్పుడు లేకుండా మమ్మల్ని దాటిపోతున్నాయి.

"పాత అలవాట్లు చెరిపేయనా? ఆ కీచు కూడా తీసేస్తా," అన్నాడు జిలానీ.

సరే అనబోతుంటే, టైలరు కొట్టు అరుగు మీంచి నల్లకళ్లద్దాల పెద్దాయన లేచాడు. కర్రతో తడుముకుంటూ వచ్చి మా బానెట్ మీద చెయ్యి వేశాడు.

"ఏం మాస్టారూ, ఈమధ్య చప్పుడు వినిపిస్తోంది గానీ నేను దాటేదాకా ఆగట్లేదేం? మొన్న మీరు ఆపారు కదా అని రోడ్డు దాటబోయి నడిమధ్యలో చిక్కుకుపోయాను."

అద్దం దించాను. "ఇక నుంచి ఆగుతానండీ."

ముక్కూమొహం తెలియని ఆడగొంతు వినేసరికి ఆయన చెయ్యి బానెట్ మీదే ఉండిపోయింది.