ఆడేది ఇరవై మందే

"బ్యానర్ మీద ఆడవాళ్ల ఫొటో వేసి, ఆటలోకి ఒక్క ఆడమనిషినీ తీసుకోరా అంకుల్?" ఉజ్వల అరచేత్తో బల్ల మీద చరిచింది.

అమెరికాలో, ఇర్వింగ్ ఊరి తెలుగు సంఘం మీటింగ్ అది. బ్యానర్ మీద డెబ్భై ఏళ్ల కిందటి ఫొటో ఉంది. గోల్ఫ్‌నే బతుకుదెరువు చేసుకున్న తొలితరం ఆడవాళ్లు వాళ్లు. మహిళా దినోత్సవానికి వాళ్ల పేరు మీదే టోర్నమెంట్. ఆడేది ఇరవై మంది. ఇరవై మందీ మగవాళ్లే.

"స్లాట్లు ఇరవయ్యే కదమ్మా. అందరికీ ప్రామిస్ చేసేశాం," అన్నాడు ప్రెసిడెంట్ కేశవరావు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "లేడీస్ లంచ్ చూసుకోండి. బాక్సులు పంచడం కూడా సేవే."

ఉజ్వలకి అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్లుగా వీకెండ్ అన్నది లేకుండా ప్రాక్టీస్ చేస్తోంది మరి.

"ఆ ఫొటోలోవాళ్లు ఏం చేశారో తెలుసా మీకు? మైదానంలో గీతలు వాళ్లే గీసుకున్నారు. స్కోర్లు వాళ్లే రాసుకున్నారు. పేపర్లకి వార్తలూ వాళ్లే పంపుకున్నారు. ఎవరో స్లాట్ ఇస్తారని కూర్చోలేదు."

"అలాగా," అంది మీటింగ్ నోట్స్ రాసుకుంటున్న సెక్రటరీ పద్మ. "అయితే ఆ చాకిరీ అంతా మేమే చేస్తాం కేశవరావు గారూ. లంచ్, బుకింగ్, గోల్ఫ్ క్లబ్‌కి పంపే లిస్టు, అన్నీ. మీరు సంతకం పెడితే చాలు."

"అదీ మాట. పద్మ గారిని చూసి నేర్చుకో అమ్మా."

గురువారం పద్మ తెచ్చిన కాగితాల మీద, ఎప్పటిలాగే చదవకుండా సంతకాలు గీకేశాడు కేశవరావు.

ఆ రోజే పార్కింగ్‌లో ఉజ్వల పద్మ కారుకి అడ్డం నిలబడింది. "సిగ్గుగా లేదా ఆంటీ? నేను అంత ఫైట్ చేస్తే, మీరు వెళ్లి చాకిరీకి ఒప్పుకుంటారా?"

"ఆదివారం గోల్ఫ్ షూస్ వేసుకుని రా," అంది పద్మ తాపీగా. "పొద్దున్నే గడ్డి తడిగా ఉంటుంది."

ఆదివారం ఉజ్వల పళ్లు కొరుక్కుంటూనే వచ్చింది. కేశవరావు కొత్త టోపీ, తెల్ల గ్లోవ్‌తో అందరికన్నా ముందు నిలబడ్డాడు. క్లబ్ ఉద్యోగి లిస్టు తీశాడు. అందులో ఉన్నవాళ్లే ఆడాలి, మార్పులు కుదరవన్నాడు.

మొదటి పేరు ఉజ్వల. రెండోది పద్మ. మూడోది ఛాయాదేవి, సాక్షాత్తూ కేశవరావు భార్య. ఇరవై పేర్లూ అయిపోయాయి. ఒక్క మగవాడి పేరూ రాలేదు.

"నాన్సెన్స్. నా పేరేదీ?" కేశవరావు మొహం కందగడ్డయింది.

ఉద్యోగి కాగితం తిప్పి, అడుగున ఉన్న సంతకం చూపించాడు. "మీరే సైన్ చేశారు కదా సర్. ఇదిగో, మొదటి పేరు మీదే, లంచ్ బాక్సులు పంచేవాళ్లలో."