బరువెక్కిన క్లచ్

"నువ్వే కూర్చుని తొక్కి చూడవయ్యా," అన్నాడు పెద్దాయన, కారు తలుపు పట్టుకుని నిలబడి.

ఇంటికి పిలిపించిన మెకానిక్ సీట్లో కూర్చుని క్లచ్ తొక్కాడు. వదిలాడు. మళ్లీ తొక్కాడు. అనుమానం తీరక కిందికి వంగి అరచేత్తో కూడా నొక్కి చూశాడు.

"మెత్తగానే ఉంది కదండీ సార్."

"ఇంటి ముందు అలాగే ఉంటుంది. ట్రాఫిక్‌లో అరగంట తొక్కు, దాని సంగతి తెలుస్తుంది. పోయిన నెల సిగ్నల్ దగ్గర కాలు జారి బండి ఆగిపోయింది. వెనకాలవాళ్లు హారన్లు కొట్టి నా పరువు తీశారు."

"ప్లేటు మార్చాం, కేబుల్ మార్చాం, పెడల్ రబ్బరు కూడా మార్చాం. ఇంకేం మార్చమంటారు?"

"బండినే మార్చమంటాను. లోపం ఉందని నువ్వు రాసివ్వు. కంపెనీవాళ్ల సంగతి నేను చూసుకుంటాను."

ముప్ఫై రెండేళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి ఆయన. అన్నేళ్లలో ఒక్క ప్రమాదం లేదు. ఎత్తుగా కూర్చుంటే బస్సులో ఉన్నట్టే ఉంటుందని, రిటైరైన నెలలోనే ఈ చిన్న క్రాసోవరు కారు కొనుక్కున్నాడు. ఏడాదిపాటు దాని మీద ఈగ వాలనివ్వలేదు. తర్వాత మొదలయ్యాయి తిప్పలు. ముందు క్లచ్ బరువెక్కింది. ఆ తర్వాత గేరు రాడ్డు బిగుసుకుంది. ఈమధ్య స్టీరింగ్ కూడా మాట వినడం లేదు. ఈ కాలపు కంపెనీలన్నీ దొంగ కంపెనీలేనని ఆయన తీర్మానించేశాడు. నీళ్ల సీసా మూత రాకపోయినా కంపెనీనే తిట్టేవాడు.

"వచ్చిన ధరకి అమ్మేద్దామండీ," అంది భార్య గుమ్మంలోంచి.

"ఎలా అమ్ముతాం? బండి బాగుందని వీళ్లు తేల్చేస్తే, తేడా ఇక ఎవరిలో ఉన్నట్టు? నాలోనేగా. బస్సు క్లచ్ తొక్కిన కాలే ఇది."

ఆవిడ కొంగు సర్దుకుంటూ మెట్టు దిగి వచ్చింది.

"నేనొక్కణ్నే అంటే ఏదో అనుకోవచ్చు," అన్నాడు ఆయన మెకానిక్ వైపు తిరిగి. "ఈ మోడలు కొన్నవాళ్లంతా అనుభవాలు రాసుకునే గ్రూపు ఉంది ఫోన్లో. అందులో ఎర్రబండి అనే పేరుతో ఒకాయన ఉన్నాడు. ఆయనకీ ఇదే గోల. క్లచ్ బరువు, గేరు బిగుతు. అచ్చు గుద్దినట్టు."

"మిగతావాళ్లేమంటున్నారు సార్?"

"మిగతావాళ్లకేం, వాళ్లది బంగారమట. ఒకడైతే ముందు డ్రైవింగ్ నేర్చుకో తాతా అని రాశాడు."

అది చదివిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఆ మర్నాడే ఎర్రబండి గ్రూపులోకి వచ్చాడు. అప్పట్నుంచి పెద్దాయనకి కాస్త ప్రాణం లేచొచ్చింది.

"ఆ ఎర్రబండి మా కాపురంలో మూడో మనిషి అయ్యాడు బాబూ," అంది భార్య. "కారు తియ్యొద్దని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే వినలేదు. బాగయ్యేదాకా తోలకండి, నేనూ మానేశాను అని ఆయన ఒక్క ముక్క రాస్తే తాళాలు గూట్లో పెట్టేశారు."

"అనుభవం ఉన్నవాడి మాట అది. ఉండు, ఆయన రాసినవన్నీ ఫోన్లో చూపిస్తాను," అంటూ పెద్దాయన గోడ పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఎడమకాలి చెప్పు మెట్టు మీదే ఉండిపోయింది. ఆ సంగతి ఆయన గమనించలేదు.

మెకానిక్ గమనించాడు. ఆ చెప్పు వైపే కాసేపు చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, బండికి ఏ లోపమూ లేదు. సారుని ఒకసారి డాక్టరుకి చూపించండి."

"చూపించాను. మూడు నెలలైంది. నరాలు చచ్చుబడిపోతున్నాయట. కాలితో మొదలై చేతుల్లోకి వచ్చింది. మందు లేదన్నారు."

"సారుకి తెలీదా?"

"నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి చెప్పారు. ఆయనకి బలానికి మాత్రలని చెప్పాను. ఇక బండి నడపలేనని తెలిస్తే ఆ రోజే మంచం పట్టేస్తారు బాబూ. ఎలాగూ పట్టే మంచమే. కొన్నాళ్లు ఆగనివ్వండి."

మెకానిక్ పనిముట్లు సంచిలో సర్దుకోబోయాడు.

"లోపం ఉందని రాసివ్వండి. ఆ కాగితం గుమ్మం దాటదు. తప్పు బండిదే అనుకోనివ్వండి ఆయన్ని."

పాతికేళ్లలో అతను బాగున్న బండిని బాగాలేదని ఎప్పుడూ రాసివ్వలేదు. ఆ రోజు రాశాడు. కంపెనీ తయారీలోనే లోపం, బాగుచెయ్యడం కుదరదు అని రాసి, కింద సంతకం పెట్టాడు.

ఫోనుతో బయటికి వచ్చిన పెద్దాయన ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. చాలా నెలల తర్వాత ఆయన మొహం తేటపడింది. చూసి భార్యకి ఏడుపొచ్చింది. వంట పని ఉందంటూ లోపలికి వెళ్లిపోయింది.

మెకానిక్ వెళ్లాక ఆయన వరండాలో కూర్చుని, వణికే వేలితో ఒక్కో అక్షరమే నొక్కుతూ గ్రూపులో రాశాడు. 'మెకానిక్ ఒప్పుకున్నాడు. లోపం మనది కాదు, బండిదే. మీ బండి ఎలా ఉందండీ?'

"ఎర్రబండి ఇంకా చూసినట్టు లేడే," అన్నాడు లోపలికి వినబడేలా.

"వస్తాడు లెండి, ఆయనకీ పనులుంటాయిగా," అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

ఆవిడ పొయ్యి మంట తగ్గించింది. కళ్లు తుడుచుకుంది. తడిచేయి చీరకి ఒత్తుకుని, పప్పుడబ్బా వెనక దాచిన తన ఫోను తీసింది.

'మా ఎర్రబండీ అంతేనండీ, ఇవాళ అసలు కదల్లేదు,' అని రాసింది.