ఎడమ కనుబొమ

ఏటా చేతిముద్దు పండగ రోజున ఎలాదియా సాంతా ఒలాయా చర్చికి వస్తుంది. మోకరించదు. ముద్దు పెట్టదు. రెండో స్తంభానికి వీపు ఆనించి, వరస అయిపోయేదాకా చూస్తూ నిలబడుతుంది.

గ్రనాడాకి వచ్చినవాళ్ళంతా కొండ మీది అల్హాంబ్రా కోటకే పరిగెడతారు. సందు చివరనున్న ఈ చర్చి గడప తొక్కేవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. లోపల మాత్రం మూడువందల ఏళ్ళనాటి వైభవం. మెలికల స్తంభాలు, బంగారు పూత, గోడల నిండా బూరెబుగ్గల దేవదూతలు. ఒక్క మరియమాత విగ్రహమే కొత్తది. పాతది స్పెయిన్ అంతర్యుద్ధంలో కాలిపోతే, 1939లో యుద్ధం ముగిశాక ఈ పేటవాడే హసింతో అనే శిల్పి చెక్కతో దీన్ని చేసిచ్చి, ఆ ఏడే కన్నుమూశాడు.

పండగనాడు మాతను పీఠం మీంచి దించి నేల మీద నిలబెడతారు. పేటంతా వరసలో వచ్చి మోకరించి చేతిని ముద్దు పెట్టుకుంటుంది. మొదటి ముద్దు ఎప్పుడూ చర్చి సంఘం పెద్ద దోన్ సతుర్నినోదే.

ఆ ఏడు, అంటే 1961లో, ఆయన ముద్దుకు ముందు గొంతు సవరించుకున్నాడు.

"మాత ముఖం బాగు చేయిస్తున్నాను. ఆ ఎడమ కనుబొమ ఎలా ఎగరేసి ఉందో చూశారుగా! తల్లంటే జాలిగా చూడాలి గానీ, 'ఏం పని మీద వచ్చావురా?' అన్నట్టు నిలదీస్తే ఎలా? రేపు సెవిల్ నుంచి పనివాడొస్తున్నాడు."

"వీల్లేదు."

తలలన్నీ స్తంభం వైపు తిరిగాయి. పాతికేళ్ళుగా ఆ మాట సతుర్నినోతో అన్నవాళ్ళు లేరు.

"మోకాలు వంచని దానివి, నీకెందుకమ్మా ఈ గొడవ?" అన్నాడాయన.

"నా మోకాళ్ళు నా ఇష్టం. ఆ ముఖం మీద ఉలి పడితే మాత్రం ఊరుకోను."

"ఏం చేస్తావేం?"

"గుమ్మానికి అడ్డంగా పడుకుంటా. మీ పనివాణ్ణి నన్ను తొక్కుకుంటూ రమ్మనండి."

మాత పక్కనున్న చర్చి గురువు ఫాదర్ బెనీతో జనాన్ని తోసుకుంటూ కదిలాడు. గబగబా వచ్చి ఆమె చెవిలో, "నోరు మూసుకో తల్లీ! ఆయనెవరో తెలుసుగా?" అన్నాడు.

"నాకు తెలిసినంతగా మీకు తెలీదు ఫాదర్."

వరసలోంచి చేపలమ్మే పాకా అనే ఆవిడ గొంతు లేచింది. "ఎలాదియా అన్నదాంట్లో తప్పేముంది? ఆ కనుబొమకి జడిసేగా మా ఆయన తాగొచ్చిన రోజు ఈ సందులోకి రాడు! దాన్ని సాపు చేస్తే మా కొంపలు ఎవడు కాపాడతాడు?"

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరే వరస వదిలి వచ్చి ఎలాదియా పక్కన నిలబడ్డారు. కాసేపటికి స్తంభం కనిపించకుండా పోయింది.

సతుర్నినో రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "అది కాదు ఫాదర్," అని గొణిగాడు. "ఆ చూపు... నన్నెక్కడో చూసినట్టు ఉంటుంది. ఏటా ఈ పండగయ్యాక వారం రోజులు నాకు కంటి మీద కునుకుండదు."

"నిద్రమాత్ర వేసుకోండి," అంది ఎలాదియా.

ఫాదర్ ఆ గుంపుని చూశాడు, సతుర్నినోని చూశాడు. "పనివాణ్ణి రావద్దని టెలిగ్రాం ఇస్తాను," అన్నాడు చివరికి. "మీరు ముద్దు కానివ్వండి. జనం ఎదురుచూస్తున్నారు."

అంతమందిలో వెనక్కి తగ్గితే పరువు పోతుంది. సతుర్నినో మోకరించాడు. పైకి చూడకుండా ఆ చెక్క చేతిని ముద్దు పెట్టుకున్నాడు.

"ఇరవై రెండోసారి," అని లోలోపల లెక్కపెట్టుకుంది ఎలాదియా, చేతులు కట్టుకుని.

1936 ఆగస్టులో సతుర్నినో మనుషులు ఇంట్లోంచి ఈడ్చుకెళ్ళి శ్మశానం గోడ దగ్గర కాల్చేసిన ఎలాదియా అమ్మ ముఖాన్నే, అంటే తన సొంత చెల్లెలి ముఖాన్నే, హసింతో ఆ చెక్కలో చెక్కాడు.